నా సంగతి నాకెంత తెలుసు?



మాటల్లోకి దిగేముందు మీకో చిన్న ప్రశ్న వేస్తాను. కంగారు పడకండి, పరీక్షేమీ కాదు. మీ రక్తం ఏ గ్రూపో చెప్పగలరా? పోనీ, మీ బరువెంత? ఆఖరిసారి మీరు కుదురుగా కూర్చుని, వేడివేడిగా, మధ్యలో ఎవరికోసమూ లేవకుండా అన్నం తిన్నదెప్పుడు? మీ వారి సంగతో, పిల్లల సంగతో అడిగితే టక్కున చెప్పేస్తారని నాకు తెలుసు. నేనడుగుతున్నది మీ సంగతి.

2023 వేసవిలో ఇలాంటి ప్రశ్నలే నన్నొక డాక్టరమ్మ అడిగింది. ఒక్కదానికీ జవాబు చెప్పలేకపోయాను. ఈవేళ్టి నా ప్రసంగం నిజానికి ఆ రోజే మొదలయిందనుకోండి.

మాది ఖాజాగూడ. ఇప్పుడా పేరు చెబితే అద్దాల మేడలూ, కంపెనీ బస్సులూ గుర్తొస్తాయి గాని, 2001లో నేను సూర్యాపేట వైపునుంచి కోడలిగా వచ్చేనాటికి మాదాపూరులో సైబర్ టవర్స్ కట్టి మూడేళ్ళే అయింది. మా ఊరు ఇంకా ఊరులాగానే ఉండేది. గుట్టలు, బండలు, చెరువు, సాయంత్రం ఏడయితే చీకటి. నా చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయింది. మా ఇంటాయనకి ఎలక్ట్రిక్ సామాన్ల దుకాణం. అత్తమ్మ, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. అప్పుడప్పుడూ ఇలా వచ్చి మీతో నాలుగు మాటలు చెప్పడం తప్పితే, తక్కిన కాలమంతా ఇల్లే నా లోకం.

ఆ మే నెలలో ఒకనాడు పొద్దున్నే పాలప్యాకెట్లు పట్టుకొని మెట్లెక్కుతున్నాను. మూడో మెట్టు మీద కళ్ళు చీకట్లు కమ్మాయి. తెలివొచ్చేసరికి పాలు మెట్లమీద, నేను గోడవార, మా అత్తమ్మ నా మొహంమీద నీళ్ళు చల్లుతూ "ఏమైంది బిడ్డా, ఏమైంది" అని ఒకటే ఏడుపు. అంత జరిగినా నా నోట వచ్చిన మొదటి మాటేమిటో తెలుసాండీ? "నాకేం కాలేదు అత్తమ్మా, పాలు పోయినయి" అన్నాను.

డాక్టరమ్మ దగ్గర ఒక కాగితం నింపమన్నారు. పేరు, వయసు రాసి ఆగిపోయాను. "ఎప్పట్నించమ్మా ఇలా?" అని ఆవిడ అడిగితే, నాకంటే ముందు మా ఇంటాయన "నిన్నటిదాకా బాగానే ఉందండీ" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. నేను చెబితే గదా ఆయనకు తెలిసేది! "మీరుండండి, ఆవిణ్ణి చెప్పనీయండి" అంది డాక్టరమ్మ. ఇద్దరూ నా మొహంలోకి చూస్తున్నారు. ఆయనకి పరగడుపున షుగరెంతో, అత్తమ్మ బీపీ బిళ్ళ ఏ రంగులో ఉంటుందో, అబ్బాయి ఎంసెట్ హాల్‌టిక్కెట్టు నెంబరెంతో, అమ్మాయి చెప్పుల సైజెంతో అన్నీ నా నాలుక చివరనున్నాయి. కిందటి నెల నేను బయటున్నది ఏ తేదీనో మాత్రం గుర్తు రాలేదు. ఎన్ని రోజులు? లెక్క లేదు. రెండేళ్ళుగా ఎక్కువగా పోతోందన్న మాట చెప్పడానికి కూడా నాకు సిగ్గయింది.

రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 6.4 అని తేలింది. ఆడవాళ్ళకి 12 గ్రాములైనా ఉండాలట. 8కి లోపుంటే తీవ్రమైన రక్తహీనత కిందే లెక్క. స్కానింగులో గర్భసంచిలో గడ్డలున్నాయన్నారు. ఫైబ్రాయిడ్లంటారు గదా, అవి. క్యాన్సరు కాదు, మన వయసు ఆడవాళ్ళలో చాలామందికి ఉండేవే. ఇదంతా చూసి డాక్టరమ్మ ఉన్నట్టుండి, "మట్టి గానీ, సుద్దముక్క గానీ, పచ్చిబియ్యం గానీ తినాలనిపిస్తుందా?" అని అడిగింది.

నా గుండె ఝల్లుమంది. ఎందుకంటే ఏడాదిన్నరగా నేను బియ్యం తింటున్నాను. బియ్యం ఏరుతూ ఒక గుప్పెడు, అత్తెసరు పెడుతూ ఒక గుప్పెడు. చివరికి కొంగులో ముడేసుకొని టీవీ ముందు కూర్చుని కూడా నమిలేదాన్ని. పచ్చిబియ్యం తింటే పెళ్ళిలో వానొస్తుందని మన వాళ్ళంటారు గదా, "అమ్మకి మళ్ళీ పెళ్ళి చేస్తే హైదరాబాదు మునిగిపోతుంది" అని పిల్లలు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. ఒంట్లో ఇనుము తగ్గిపోయినవాళ్ళకి ఇలాంటి వింతకోరికలు పుడతాయని వైద్యులకి ఎప్పటినుంచో తెలుసు. నాకే తెలీదు. నా ఒళ్ళు నాతో రోజూ మాట్లాడుతోంది, కేకలేస్తోంది. నేను దాన్ని హాస్యంగా తీసిపారేశాను. పక్కింటి పిల్లవాడు అలా బియ్యం తింటూ కనబడితే "వీణ్ణి డాక్టరుకి చూపించండి వదినా" అని నేనే చెప్పి ఉండేదాన్ని సుమండీ!

నా ఒక్కదాని గోడే అయితే మీ ముందుకు తెచ్చేదాన్ని కాను. 2019 నుంచి 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో నూటికి 57.6 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇంకాస్త ఎక్కువే. అంటే ఇది వింటున్న మీలో సగంమంది పైచిలుకు. తిండి లేక కొందరు, తీరిక లేక కొందరు, చెప్పుకోలేక కొందరు. మూడో రకం వాళ్ళకోసమే నా తాపత్రయం.

రెండు సీసాల రక్తం ఎక్కించారు. నాది బి పాజిటివ్ అని అప్పుడే తెలిసింది. నెల్లాళ్ళు పని చెయ్యొద్దన్నారు. ఇనుము బిళ్ళలు ఇచ్చారు. వాటిని నేను టీతో మింగుతూ ఉంటే, టీ తాగితే ఆ ఇనుము ఒంటికి సరిగా పట్టదనీ, నిమ్మరసంతో అయితే మంచిదనీ చెప్పారు. ఇది మాత్రం కాగితమ్మీద రాసిపెట్టుకోండి, పనికొస్తుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. పని లేకుండా మంచమ్మీద పడుకొన్న ఆ నెలలో నాకు నా గురించి ఒక సంగతి తెలిసింది. అది అంత ముచ్చటైన సంగతేమీ కాదు.

మూడోనాటికే ఇల్లు ఒక దారిలో పడింది. మా ఇంటాయన పొద్దున్నే టీ పెట్టేవారు. అబ్బాయి కుక్కరు పెట్టడం నేర్చుకొన్నాడు. అత్తమ్మ కూర తరిగేది. పప్పులో ఒకనాడు రెండుసార్లు ఉప్పు పడింది, ఎవరూ చచ్చిపోలేదు. నేను సంతోషించాలి గదా? లోపల కలుక్కుమంది. నేను లేకపోయినా ఇల్లు నడుస్తోందే అని! వాళ్ళు పడుకొన్నాక లేచి వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలనే మళ్ళీ కడిగాను. సగంలో చేతులు వణికి ఆగిపోయాను. పంపు కట్టేసి ఆ చీకట్లో నిలబడి ఆలోచిస్తే భయం వేసింది. ఇన్నాళ్ళూ నేను త్యాగం అనుకొన్నదాంట్లో ఎంత త్యాగం, ఎంత గర్వం? నొప్పి చెప్పకుండా దాచింది వాళ్ళమీద ప్రేమతోనే అనుకొన్నాను. కాని దాచి, "ఎవరైనా తమంతట తాము కనిపెడతారేమో" అని చూశాను. కనిపెట్టకపోతే మనసులో వాళ్ళమీద కసి పెంచుకొన్నాను. అడగని దానికి ఇవ్వలేదని తగువు! పాపం ఆయనకి తన మీద కేసు నడుస్తోందనే తెలీదు.

పూర్తిగా నా తప్పే అని కూడా అనను. 2019లో ప్రభుత్వంవారు మనుషులు రోజంతా కాలం ఎలా గడుపుతారో ఒక సర్వే చేశారు. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతూంటే, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారట. అయిదు గంటలకీ గంటన్నరకీ ఉన్న తేడా ఇది. ఈ తేడా ఇలా ఉన్నంతకాలం "నిన్ను నువ్వు చూసుకో" అని మనకి సలహా చెప్పడం తేలిక. అయినా ఆ లెక్కను సరిచెయ్యడానికైనా మనకేం కావాలో ముందు మనకు తెలియాలి గదా.

కాస్త కోలుకొన్నాక సాయంకాలాలు అమ్మాయిని తోడు తీసుకొని మా గుట్టవైపు నడవడం మొదలుపెట్టాను. ఫక్రుద్దీన్ గుట్ట అంటాం. దర్గా ఉంది, దేవుడి గుడి ఉంది, పైన గుహలున్నాయి. ఆ రాళ్ళు రెండువందల యాభై కోట్ల ఏళ్ళనాటివని శాస్త్రజ్ఞులు చెబుతారు. మన తాపత్రయాలకి అవి నవ్వుకొంటూ ఉంటాయి కాబోలు. 1951లో మెహెర్‌బాబా ఈ గుట్టమీది గుహలో ఏకాంతంగా కూర్చున్నారు. 1925లోనే మౌనం పట్టిన ఆయన 1969లో పోయేదాకా నోరు విప్పలేదు. ఇక్కడ ఆయన తలపెట్టిన సాధనకి మనోనాశమని పేరు. "నేను" అనేదాన్ని లోపలినుంచి తుడిచెయ్యడం.

ఆ గుహ ముందు నిలబడి నేననుకొన్నాను గదా, తన్ను తాను తెలుసుకోవడానికి మగమహానుభావులు గుట్టలెక్కుతారు. మనం ఎక్కితే కుక్కరు కూతలు ఎవరు లెక్కపెడతారు? హాస్యానికి అన్నాను, తప్పుగా అనుకోకండి. అయినా ఇంకో అనుమానం కూడా వచ్చింది. "నేను"ని తుడిచెయ్యడం పెద్ద సాధన అంటున్నారు, ఆ పని మనం పెళ్ళయిన మర్నాడే మొదలుపెట్టేస్తాం! మరి మనకి జ్ఞానం రాదేం? ఎందుకంటే మనం తుడిచింది ఆకలినీ, నిద్రనీ, నొప్పినీ. ఆ గర్వం, ఆ కసి చెక్కుచెదరకుండా లోపలే కూర్చున్నాయి.

మా వీధిలో రిటైరయిన టీచరమ్మగారొకావిడ ఉన్నారు. నా మాట విని నవ్వి, అబ్బూరి ఛాయాదేవిగారి పుస్తకాలు రెండు చేతిలో పెట్టారు. ఒకటి కథలు. రెండోది జిడ్డు కృష్ణమూర్తిగారి రచనలకి ఆవిడ చేసిన తెలుగు అనువాదం.

కృష్ణమూర్తిగారు 1895లో మదనపల్లెలో పుట్టారు. జగద్గురువు కాబోతున్నాడని ఆయన కోసం పెద్ద సంస్థ కట్టి పెడితే, 1929లో తన చేతులతోనే దాన్ని రద్దు చేసేశారు. నా పదో తరగతి చదువుకి ఆ పుస్తకం అంతా అర్థమైందని చెప్పను. పేజీకి రెండుసార్లు కునుకు పట్టింది. కాని ఒక్క భావం మాత్రం నన్ను పట్టుకొంది. మనం ఎవరిమో తెలియడానికి అడవికి పోనక్కర్లేదు, సాటి మనుషులతో మన సంబంధమే అద్దం, అందులో చూసుకోమన్నారు ఆయన. చూసినదాన్ని వెంటనే తిట్టొద్దు, వెనకేసుకు రావొద్దు, ఊరికే చూడమన్నారు. కడిగిన గిన్నెలు మళ్ళీ కడిగిన ఆ రాత్రి నాకు కనబడింది అద్దమేనని అప్పుడర్థమయింది.

ఛాయాదేవిగారి గురించి రెండు మాటలు చెప్పాలి. 1933లో రాజమండ్రిలో పుట్టారు. ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో లైబ్రేరియనుగా పనిచేశారు. కుండీలో కుదించి పెంచిన చెట్టుతో ఆడదాని బతుకును పోల్చిన "బోన్‌సాయ్ బ్రతుకు" ఆవిడ కథే. "సుఖాంతం" అని ఇంకొకటుంది, కంటినిండా నిద్రకోసం మొహం వాచిపోయిన ఒక ఇల్లాలి కథ. అది చదివిన రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. "తనమార్గం" అనే కథల పుస్తకానికి 2005లో సాహిత్య అకాడమీ అవార్డు ఇచ్చారు. భర్త పోయాక, ఆఖరి రోజుల్లో మాకు దగ్గర్లోనే కొండాపూర్లో ఒక వృద్ధాశ్రమంలో ఉన్నారు. 2019లో కన్నుమూశారు. ఇంత దగ్గరుండి ఒకనాడైనా వెళ్ళి చూడలేకపోయానే అని ఇప్పటికీ నాకు బాధే. అన్నేళ్ళు కూరగాయలకి ఆ దారినే వెళ్ళేదాన్ని.

ఆ పుస్తకాలు తిరిగిస్తుంటే టీచరమ్మగారు నాకో పని చెప్పారు. ఒక్కరోజు నన్ను నేను మనసులో ఏమని పిలుచుకొంటానో కాగితమ్మీద రాయమన్నారు. సరే అని పాలలెక్క పుస్తకం వెనక పేజీలో రాశాను. పొద్దున్న పాలు పొంగితే "మొద్దుమొహం". టిఫిను ఆలస్యమైతే "సోమరిపోతు". అద్దంలో చూసుకొంటే "బస్తా". దుకాణం లెక్కలో తప్పొస్తే "చదువులేనిదానివి, నీకెందుకు ఇవన్నీ". రాత్రయ్యేసరికి పదకొండయ్యాయి. మా ఇంట్లో అంట్లు తోమే అమ్మాయిని పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా నేనలా అనలేదు. అంటే మర్నాడే మానేసి పోయేది, పోవాలి కూడా. నేను మానేసి పోవడానికి నాకు వేరే ఇల్లేదీ?

అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో క్రిస్టిన్ నెఫ్ అనే ఆచార్యురాలు దీనిమీద పరిశోధన చేసింది. స్నేహితురాలు కష్టంలో ఉంటే ఎలా మాట్లాడతామో, మనతో మనం అలా మాట్లాడుకోవడం అనేదాన్ని కొలవడానికి 2003లో ఆవిడ ఒక కొలమానం కూడా తయారుచేసింది. కొలిచేదాకా ఎందుకు లెండి, పాలలెక్క పుస్తకం చాలు మనకి.

ఇలా అంటే కొందరు వేరేగా అర్థం చేసుకొంటారు. మా రోడ్డు పొడుగునా పెద్దపెద్ద బోర్డులున్నాయి, మిమ్మల్ని మీరు ప్రేమించుకోండి, ఈ నగ కొనుక్కోండి, ఈ క్రీము రాసుకోండి అని. నగలు వద్దని నేననను, ఎవరికి చేదు? కాని నా హిమోగ్లోబిన్ 6.4 ఉన్న రోజుల్లోనే నేను పండక్కి నాలుగువేల రూపాయల చీర కొనుక్కొన్నాను. పరీక్ష చేయించుకోవడానికి మాత్రం డబ్బు దండగనిపించింది. చీరను నలుగురూ చూస్తారు, రక్తాన్ని ఎవరు చూస్తారు?

మా అత్తమ్మ మొదట్లో ఇదంతా ఇష్టపడలేదు. నేను పన్నెండున్నరకే పళ్ళెం పెట్టుకొని కూర్చుంటే ఓరకంట చూసేది. ఒకనాడు ఉండబట్టలేక అనేసింది: "మా కాలంల గిట్ల లేకుండె బిడ్డా. అందరు తిన్నంకనే తింటుంటిమి." నేనేం మాట్లాడలేదు. కాసేపాగి తనే, "నాకు సుత గట్లనే పోతుండె. ఎవలికి చెప్పలే. ముప్పై రెండేండ్లకే పెద్దాపరేషన్ చేసి గర్భసంచి తీసిండ్రు" అంది. ఇరవై రెండేళ్ళు ఒకే వంటింట్లో పక్కపక్కన నిలబడ్డాం. ఆ మాట నేను వినడం అదే మొదలు. లేచి ఇంకో పళ్ళెం తెచ్చి వడ్డించాను. వద్దంటూనే కూర్చుంది. అప్పట్నుంచి ఇద్దరం కలిసే తింటున్నాం.

అన్నిటికన్నా నన్ను కదిపినది మా అమ్మాయి సంగతి. ఆ ఏడు దసరా సెలవుల్లో ఒకరోజు మధ్యాహ్నం మంచమ్మీద ముడుచుకొని పడుకొని ఉంది. మొహం పాలిపోయింది. "ఏమైందే?" అన్నాను. గబుక్కున లేచి, నవ్వు మొహం పెట్టి, "నాకేం కాలేదమ్మా, నువ్వు పో" అంది. అదే మాట. అదే గొంతు. మెట్లమీద కూలబడి నేనన్నట్టే. పదిహేనేళ్ళ పిల్లకి ఎవరు నేర్పారీ మాట? స్కూల్లో నేర్పలేదు, టీవీలో నేర్పలేదు. రోజుకి పదిసార్లు నా నోటే విని నేర్చుకొంది. పిల్లలకి మనం బోధించేది వాళ్ళు వినరు గాని, మనల్ని మనం ఎలా చూసుకొంటామో అది మాత్రం అక్షరం పొల్లుపోకుండా పట్టేస్తారు.

పక్కన కూర్చుని నా కథంతా చెప్పాను. బియ్యం సంగతి, కాగితం ముందు నోరు పెగలని సంగతి, గిన్నెల సంగతి కూడా. తల్లి కూతురికి చెప్పుకొనే మాటలేనా ఇవి అని మధ్యలో సంకోచం వేసింది. అయినా చెప్పాను. అంతా విని అది "నాకు చాలా నొప్పిగా ఉందమ్మా" అంది. వేడినీళ్ళ సంచీ తెచ్చిచ్చాను. మరుసటివారం డాక్టరమ్మకి చూపించాం. దానికి 9.8 ఉంది. ఇప్పుడు పన్నెండు దాటింది. నాదింకా 11.6 దగ్గరే ఉంది, గడ్డలకి మందులు వాడుతున్నాను, ఆరు నెలలకోసారి చూపించుకొంటున్నాను.

కోపం రావడం మానిందా అంటే మానలేదు. మొన్న కూడా మూతి ముడుచుకొని పూటంతా తిరిగాను. తేడా ఏమిటంటే, సాయంత్రానికి నాకే తెలిసింది, అది కోపం కాదు, నిద్ర చాలకపోవడం అని. ఆయనతో ఆ మాటే చెప్పాను. "ముందే చెప్పొచ్చు గదా" అన్నారు. చెప్పొచ్చు. నలభై నాలుగేళ్ళకి నేర్చుకొంటున్న విద్య, తొందరగా నోటికి రాదు.

మా వంటింటి గోడకి క్యాలెండరొకటి ఉంది. మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. గ్యాసు బుక్ చేసిన రోజు, పాలవాడు రాని రోజు, కరెంటు బిల్లు గడువు అన్నీ అందులోనే. ఇప్పుడు దానిమీద ఎర్ర ఇంకుతో నా తేదీలూ, పెన్సిలుతో మా అమ్మాయి తేదీలూ ఉంటాయి. మొదట ఎవరైనా చూస్తారేమోనని సిగ్గుపడ్డాను. చూస్తే చూడనీ అని వదిలేశాను. నిన్న నేను రాస్తూ ఉంటే మా అత్తమ్మ వెనకొచ్చి నిలబడింది. ఆవిడకి చదువు రాదు. కాసేపు ఆ గీతలకేసి చూసి, "నాది సుత రాయి బిడ్డా" అంది. ఏం రాయాలి అత్తమ్మా అంటే, ఏడాదిగా కుడికన్ను మసకగా కనబడుతోందట. ఇంతకాలం ఎవరికీ చెప్పలేదట.

వచ్చే గురువారం కంటిపరీక్ష అని నీలం ఇంకుతో రాశాను. ఆటో మాట్లాడాలి.